పీచ్ పండు బొమ్మకు ఆ అర్థం ఎక్కడిది?

అట్లాంటాలో ఇల్లు కొనుక్కున్న ఒకతను కుటుంబం వాట్సాప్ గ్రూపులో గృహప్రవేశం ఫొటోలు పెట్టాడనుకుందాం. కింద "అందరూ ఒకసారి మా ఊరు రావాలి" అని రాసి, పక్కన రెండు పీచ్ పండ్ల బొమ్మలు పెట్టాడు. నెల్లూరులో ఉన్న పెద్దక్క చూసి, "శుభం రా తమ్ముడూ, పండ్లు భలే ఉన్నాయి" అని తనూ నాలుగు పీచ్ పండ్లు పెట్టింది. ఇంటర్ చదివే ఆమె కొడుకు అది చూసి దిండులో మొహం దాచుకుని నవ్వుతున్నాడు. ఎందుకురా అంటే చెప్పడు. చెప్పలేడు కూడా.

ఇందులో ఎవరి తప్పూ లేదు. జార్జియా రాష్ట్రానికి అమెరికాలో 'పీచ్ స్టేట్' అని పేరు. అక్కడి కార్ల నంబరు ప్లేట్ల మీద కూడా ఆ పండు ఉంటుంది. తమ్ముడి దృష్టిలో పీచ్ అంటే తానుంటున్న రాష్ట్రం. అక్క దృష్టిలో పీచ్ అంటే పండు. పిల్లవాడి దృష్టిలో పీచ్ అంటే పిరుదులు. ముగ్గురూ ఒకే బొమ్మను చూశారు, ముగ్గురికీ మూడు సంగతులు తట్టాయి.

"బొమ్మలో లేనిది వీళ్లకెలా కనిపిస్తోంది?" అని పెద్దవాళ్లు అడుగుతారు. "ఇంకేం కనిపిస్తుంది?" అని పిల్లలు అడుగుతారు. రెండు ప్రశ్నలకూ జవాబు ఉంది. ఆ జవాబులో సగం జపాన్ ఫోన్లలో ఉంటే, మిగతా సగం మన పాత అలంకారశాస్త్రంలో దొరుకుతుంది.

ఫోను పంపేది బొమ్మను కాదు

ఎమోజీ జపనీస్ మాట. 'ఎ' అంటే బొమ్మ, 'మోజి' అంటే అక్షరం. ఇంగ్లీషులో భావోద్వేగాన్ని చెప్పే 'ఎమోషన్' అనే మాటతో దీనికి చుట్టరికం ఏమీ లేదు, వినడానికి అలా కుదిరిందంతే. 1999లో జపాన్ టెలిఫోను సంస్థ ఎన్‌టీటీ డొకొమో కోసం షిగెతాకా కురీతా 176 చిన్న బొమ్మల్ని తయారు చేశాడు. ఒక్కోటి అడ్డం 12 చుక్కలు, నిలువు 12 చుక్కలు. అంతకు ముందూ జపాన్ ఫోన్లలో ఇలాంటివి ఉన్నాయి, తరవాత పోటీ కంపెనీలూ తమ తమ బొమ్మలు పెట్టుకున్నాయి. చిక్కేమిటంటే ఒక కంపెనీ ఫోను నుంచి పంపిన బొమ్మ ఇంకో కంపెనీ ఫోనులో సరిగా కనిపించేది కాదు.

ఆ చిక్కు విప్పడానికి యూనికోడ్ ముందుకు వచ్చింది. ప్రపంచంలోని లిపులన్నిటికీ, మన తెలుగుతో సహా, అక్షరానికో సంఖ్య కేటాయించే వ్యవస్థ అది. 2010 అక్టోబరులో వచ్చిన యూనికోడ్ 6.0తో వందల కొద్దీ ఎమోజీలకు కూడా సంఖ్యలు దొరికాయి. పీచ్, వంకాయ, చెర్రీ పండ్లు అన్నీ ఆ విడతలో వచ్చినవే.

ఇక్కడ ఒక చిన్న సంగతి గుర్తుంచుకోవాలి. యూనికోడ్ ఇచ్చేది ఒక సంఖ్య, 'పీచ్' అనే పేరు. బొమ్మ ఎలా ఉండాలో నిర్ణయించేది యాపిల్, గూగుల్, శామ్‌సంగ్ లాంటి కంపెనీలు. 'అ' అనే అక్షరం ఒక అచ్చులో గుండ్రంగా, ఇంకో అచ్చులో కోలగా ఉన్నట్టే, ఒకే పీచ్ ఒక్కో ఫోనులో ఒక్కోలా ఉంటుంది. మీరు సందేశం పంపినప్పుడు అవతలికి వెళ్లేది సంఖ్య మాత్రమే. అక్కడి ఫోను తన దగ్గరున్న బొమ్మ తీసి చూపిస్తుంది. అంటే మీరు పంపింది ఒకటి, వాళ్లు చూసింది ఇంకొకటి కావడానికి ఆస్కారం పునాదిలోనే ఉంది.

ఈ పండే ఎందుకు?

2011లో యాపిల్ తన ఐఓఎస్ 5తో ఎమోజీ కీబోర్డును ప్రపంచమంతటా ఐఫోన్ వాడేవాళ్ల చేతికి ఇచ్చింది. ఆ యాపిల్ బొమ్మలో పీచ్ పండు నున్నగా, లేత గులాబీ రంగు తిరిగి, మధ్యలో లోతైన గీతతో ఉంటుంది. నిజం పండుకూ ఆ గీత ఉంటుంది గానీ అంత ఏటవాలుగా, అంత స్పష్టంగా ఉండదు. చూసినవాళ్లకు తట్టింది తట్టింది.

ఆకారం ఒక్కటే కారణమైతే చాలా పండ్లు ఈ పాటికి బోను ఎక్కాలి. రెండో కారణం ఖాళీ. ఎమోజీల్లో ముక్కుంది, చెవి ఉంది, పెదవులున్నాయి, కండ తిరిగిన చెయ్యి ఉంది. తరవాత్తరవాత మెదడు, పన్ను, కాలు, పాదం, చివరికి ఊపిరితిత్తులు కూడా వచ్చాయి. పిరుదులు రాలేదు, జననాంగాలు రాలేదు. మనుషులు మాట్లాడుకునే విషయానికి బొమ్మ లేకపోతే, ఉన్న బొమ్మల్లో ఒకదాన్ని ఆ పనికి పెట్టుకుంటారు. పీచ్ ఆ ఖాళీలోకి వెళ్లి కూర్చుంది. మన మామిడిపండుకు సొంత ఎమోజీ 2018లో గానీ రాలేదు. అప్పటికి కుర్చీలన్నీ నిండిపోయాయి, మామిడి బతికిపోయింది.

వంకాయది ఇంకా విచిత్రమైన కథ. జపాన్‌లో కొత్త సంవత్సరం తొలి కలలో ఫుజి పర్వతం, డేగ, వంకాయ కనిపిస్తే అదృష్టమని నమ్మకం. అంత శుభప్రదమైన కాయ అమెరికా చేరేసరికి పురుషాంగానికి గుర్తయింది. ఎమోజీలో ఉన్నది పొడుగు వంకాయ కాబట్టి సరిపోయింది. ఆ బొమ్మను గుత్తివంకాయ కూర వండుకునే మనుషులు గీసి ఉంటే, గుండ్రంగా, బొద్దుగా, నాలుగు పక్షాలుగా చీల్చి మసాలా కూరడానికి వీలుగా ఉండేది. దాంట్లో ఎవరికీ ఏ చిలిపితనమూ తోచేది కాదు.

పీచ్ మీద ఇలాంటి చూపు ఎమోజీతోనే మొదలవలేదన్నది కూడా నిజం. జపనీస్‌లో 'మోమోజిరి' అని ఒక పాత మాట ఉంది, అచ్చంగా 'పీచ్ పిరుదు' అని అర్థం. మొదట్లో గుర్రం జీను మీద కుదురుగా కూర్చోలేనివాణ్ని అలా అనేవారు. పీచ్ పండు నేల మీద నిలకడగా నిలవదు కదా. చైనాలో పీచ్ దీర్ఘాయుష్షుకు గుర్తు, పెద్దల పుట్టినరోజుకు పీచ్ ఆకారంలో బన్నులు చేస్తారు. అదే చైనాలో, రాజుగారికి తాను కొరికిన పీచ్ తినిపించిన ప్రియసేవకుడి కథ ఒకటి ఉంది. దాని వల్ల 'పంచుకున్న పీచ్' అనే మాట మగవాళ్ల మధ్య ప్రేమకు మారుపేరుగా వాడుకలోకి వచ్చింది. ఒకే దేశంలో ఒకే పండు తాతగారి పుట్టినరోజుకూ పనికొచ్చింది, రహస్య ప్రణయానికీ పనికొచ్చింది.

మన దగ్గర మాత్రం తక్కువా? పెదవికి దొండపండు, పలువరుసకు దానిమ్మ గింజలు, స్తనాలకు తాటిపండు, మారేడుపండు. ప్రబంధ కవుల నాయికావర్ణన ఒకటి చదివితే పండ్ల బజారులో తిరిగొచ్చినట్టు ఉంటుంది. తేడా ఒక్కటే. కవి 'బింబాధర' అన్నప్పుడు పోలిక బయటికే చెప్పాడు, దొండపండు ఎక్కడుందో, పెదవి ఎక్కడుందో రెండూ పద్యంలో ఉన్నాయి. ఎమోజీలో పండే ఉంది, శరీరం పాఠకుడి తలలో ఉంది.

అభిధ, లక్షణ, వ్యంజన: పాత పనిముట్లతో కొత్త బొమ్మ

మాటకు అర్థం మూడు దారుల్లో వస్తుందని మన ఆలంకారికులు చెప్పారు. మాట విన్న వెంటనే తోచేది అభిధ. అది పొసగనప్పుడు దానికి సంబంధించిన ఇంకో అర్థం తీసుకోవడం లక్షణ. 'గంగలో గొల్లపల్లె ఉంది' అంటే నీళ్లలో పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డున అని తీసుకుంటాం. ఈ రెండూ అయ్యాక లోపల ధ్వనించేది వ్యంజన.

వ్యంజనకు 11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు మమ్మటుడు చూపించే ఉదాహరణ 'సూర్యుడు అస్తమించాడు' అన్న మాట. పశువుల కాపరికి అది ఆవుల్ని ఇంటికి తోలమని. వ్యాపారికి సరుకు సర్దుకోమని. సంధ్య వార్చేవాడికి వేళైందని. ప్రియుడి కోసం చూస్తున్న అమ్మాయికి అతను వచ్చేస్తాడని. మాట ఒకటే, అందులో ఏ అర్థమూ రాసి లేదు. ఎవరు, ఎవరితో, ఏ వేళ అన్నారన్నదే అర్థాన్ని తేలుస్తుంది. ఎమోజీ గురించి ఈ కాలం భాషావేత్తలు చెప్పేదీ దాదాపు ఇదే. కొందరైతే ఎమోజీని మాటతో కాకుండా సైగతో పోలుస్తారు. కనుబొమ ఎగరేస్తే దానికి నిఘంటువులో అర్థం ఉండదు, ఎదుటివాడికి మాత్రం తెలుస్తుంది.

పీచ్ విషయంలో జరిగింది ఇదీ: పండు అనేది అభిధ. జిమ్‌లో దిగిన ఫొటో కింద పండు బొమ్మ పెడితే పొసగదు కాబట్టి ఆకారపు పోలిక వల్ల పిరుదులు అని లక్షణతో తీసుకున్నారు. అందులోంచి కొంటెతనమో, కోరికో ధ్వనించింది. ఇంతవరకూ ప్రతిసారీ ఊహించుకోవాల్సిందే. కానీ లక్షలమంది ఒకే ఊహ పదేపదే చేస్తే ఊహించే పని మిగలదు. లక్షణ రూఢి అయిపోతుంది. 'కుర్చీ కాలు' అన్నప్పుడు కుర్చీకి కాలేమిటని ఎవరూ ఆగరు కదా. పిల్లవాడు దిండులో మొహం దాచుకోవడానికి కారణం వాడి బుద్ధి చెడ్డదని కాదు. వాడికి అది రూఢ్యర్థం. వాళ్లమ్మకు ఆ రూఢి చేరలేదు.

పనిలో పనిగా చెప్పుకోవలసింది ఇంకొకటి. అశ్లీలాన్ని కావ్యదోషంగా చెప్పినప్పుడు మన లాక్షణికులు కేవలం బూతుమాటల్ని ఉద్దేశించలేదు. శుభ్రమైన మాటే అయినా సిగ్గు కలిగించే ఇంకో అర్థం తలపుకు తెస్తే అది దోషమే అన్నారు. రెండు మంచి పదాలు సంధి కలిసినప్పుడు మధ్యలో చెడ్డ మాట వినిపించినా దోషమే అన్నారు. పీచ్ పక్కన పీచ్ పెడితే ఒకటి, పీచ్ పక్కన వంకాయ పెడితే ఇంకొకటి. ఎమోజీల సంధి దోషాల మీద ఒక ప్రకరణం రాసే పని మమ్మటుడికి తప్పిపోయింది.

చెడ్డ అర్థం మంచి అర్థాన్ని వెళ్లగొడుతుందా?

భాషలో ఒక మాట విలువ దిగజారడాన్ని అర్థాపకర్ష అంటారు. 'కంపు' ఒకప్పుడు వాసన, సువాసన కూడా. కన్నడంలో ఇప్పటికీ కంపు అంటే పరిమళమే. తెలుగులో ముక్కు మూసుకోవాల్సిన మాట అయింది. 'సాని' అనేది 'స్వామిని' నుంచి వచ్చిన గౌరవవాచకం. తరవాత వేశ్యకు పేరయింది. ఒంటరిగా వాడలేని స్థితికి వచ్చాక కూడా 'దొరసాని'లో, 'మంత్రసాని'లో పాత మర్యాద నిలిచే ఉంది. ఈ చివరి ముక్క ముఖ్యం, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ 'దొడ్డి'. దొడ్డి అంటే పెరడు, పశువుల్ని కట్టే చోటు. మలవిసర్జన అనే మాట నోటితో అనలేక 'దొడ్డికి వెళ్లాడు' అన్నారు. అది ముసుగు. కొన్నాళ్లకు ముసుగుకే ఆ వాసన పట్టింది, నలుగురిలో 'దొడ్డి' అనడం మొరటైంది. అప్పుడు 'బయటికి' అన్నారు, ఆ తరవాత 'బాత్రూమ్', ఇప్పుడు 'వాష్‌రూమ్'. దాచవలసిన విషయం మారలేదు, కప్పే గుడ్డ మాత్రం మారుతూ పోతోంది. పీచ్ కూడా అలాంటి గుడ్డే. దాచడానికి పుట్టింది, అందరికీ తెలిసిపోయింది, ఇప్పుడది దాచడం లేదు, చూపిస్తోంది.

ఎంతగా తెలిసిపోయిందో చెప్పడానికి తరచూ ఒక లెక్క వినిపిస్తుంది. ఎమోజీల సమాచారం సేకరించే ఎమోజీపీడియా 2016 చివర్లో పీచ్ ఉన్న ట్వీట్లను కొన్నిటిని పరిశీలించి, అసలు పండు అనే అర్థంలో వాడినవి 7 శాతమే అని చెప్పింది. మిగతా వాటిలో పిరుదులు, శృంగారం, వ్యాయామం లాంటివి ఎక్కువ. ఈ అంకెను వేదవాక్కులా తీసుకోకూడదు. చూసినవి కొన్ని వందల ట్వీట్లు, అదీ ఒక్క ట్విటర్‌లో, ఒక్క కాలంలో. నెల్లూరు పెద్దక్కలు ట్విటర్‌లో ఉండరు. కుటుంబాల గ్రూపుల్లో పీచ్ ఏ అర్థంలో తిరుగుతోందో బయటినుంచి లెక్కపెట్టే వీలూ లేదు.

బొమ్మ మార్చబోతే ఏమైంది?

మాటల విషయంలో లేని వెసులుబాటు ఎమోజీలో కంపెనీకి ఉంది. 'సాని' అర్థం నచ్చలేదని ఎవరూ అక్షరాల ఆకారం మార్చలేరు. పీచ్ ఆకారాన్ని మార్చొచ్చు. 2016 శరదృతువులో యాపిల్ ఆ పని చేసింది. ఐఓఎస్ 10.2 ప్రయోగ రూపంలో పీచ్‌ను గుండ్రంగా, నిజం పండులా, గీత పెద్దగా తెలియకుండా గీయించింది. వాడుకరులు గోల గోల చేశారు. పత్రికలు సంతాపం ప్రకటించాయి, సగం వేళాకోళంగా, సగం నిజంగా. నవంబరు మధ్యలో వచ్చిన తరవాతి ప్రయోగ రూపంలో పాత ఆకారం, పాత గీత మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. డిసెంబరులో అందరి ఫోన్లకూ చేరింది ఆ తిరిగొచ్చిన బొమ్మే.

నా మటుకు నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన ఘట్టం ఇదే. సంఖ్య యూనికోడ్‌ది, బొమ్మ యాపిల్‌ది, కానీ అర్థం వాళ్లిద్దరి చేతిలోనూ లేదని తేలింది. పైగా కొత్త ఎమోజీని ఎంపిక చేసేటప్పుడు దానికి రూపకార్థాలు, ప్రతీకలు ఉన్నాయా అన్నది కూడా యూనికోడ్ చూసే అంశాల్లో ఒకటి. అంటే ఒక బొమ్మ తన హద్దు దాటి అర్థమివ్వడం వాళ్ల లెక్కలో గుణమే. ఎటు దాటుతుందన్నది మాత్రం వాళ్ల చేతిలో లేదు.

వడపోత పెట్టినకొద్దీ మారుపేర్లు

2015 ఏప్రిల్ చివర్లో ఇన్‌స్టాగ్రామ్ ఎమోజీలను కూడా హ్యాష్‌ట్యాగుల్లా వెతుక్కునే వీలు కల్పించింది. వంకాయకు మాత్రం వెతుకులాటలో చోటివ్వలేదు. అరటిపండు, పీచ్ మిగిలాయి, వంకాయ పోయింది. నిషేధం ఆ అర్థాన్ని చంపిందా? 2016 జనవరిలో అమెరికన్ డయలెక్ట్ సొసైటీ భాషావేత్తలు గడిచిన ఏడాదికి చెప్పుకోదగ్గ ఎమోజీగా ఎన్నుకున్నది సరిగ్గా ఆ వంకాయనే.

2019లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నిబంధనల్లో మార్పు వచ్చినప్పుడు 'పీచ్, వంకాయల మీద నిషేధం' అని వార్తలు హోరెత్తాయి. నిబంధనలో ఉన్నది అంత కాదు. లైంగిక సేవల కోసం, నగ్నచిత్రాల కోసం ఆహ్వానించే పోస్టులో అలాంటి సందర్భంలో వాడే ఎమోజీలు కూడా ఉంటే దాన్ని అభ్యంతరకరమైన ఆహ్వానంగా చూస్తామని. ఒట్టి పండు పెడితే ఎవరూ పట్టుకోరు. కానీ సందర్భం చూడవలసింది కోట్ల పోస్టుల్లో. చూసేది ఎక్కువగా యంత్రం. సందర్భం తెలుసుకోవడమే యంత్రానికి కష్టమైన పని, అసలు వివాదమంతా అక్కడే.

ఇలాంటి కట్టడి కావాలనేవాళ్ల వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. పిల్లలు తిరిగే చోట వేశ్యావ్యాపారపు ప్రకటనలు పండ్ల భాషలో సాగుతుంటే, మాటల్ని మాత్రం వడపోసి బొమ్మల్ని వదిలేయడంలో అర్థం లేదంటారు. వద్దనేవాళ్లు చెప్పేదీ ఆలోచించదగ్గదే. లైంగిక ఆరోగ్యం గురించి, గర్భనిరోధం గురించి నేర్పేవాళ్లు అరటిపండుతోనో వంకాయతోనో బొమ్మ గీసి చెబుతారు. వలలో మొదట పడేది వాళ్లే, అసలు వ్యాపారం చేసేవాడు రేపటికి ఇంకో బొమ్మకు మారిపోతాడు.

మారిపోతాడనడానికి దాఖలాలున్నాయి. టిక్‌టాక్‌లో ఇంగ్లీషు వాడేవాళ్లు 'పోర్న్' అనలేక, మొక్కజొన్నకు వాళ్ల మాట 'కార్న్' దానితో ప్రాస కలిసిందని మొక్కజొన్న కంకి బొమ్మ పెడతారు. అక్కడ ఆకారంతో పనే లేదు, చప్పుడు కలిస్తే చాలు. ఇదే కిటుకును వేరే పనులకూ వాడారు. 2018లో చైనాలో లైంగిక వేధింపుల గురించి చెప్పుకునే 'మీ టూ' పోస్టులు తొలగిస్తుంటే జనం అన్నం గిన్నె పక్కన కుందేలు బొమ్మ పెట్టారు. చైనీస్‌లో బియ్యం 'మి', కుందేలు 'తు'. పాలస్తీనా జెండా రంగులు పుచ్చకాయ ముక్కలో ఉన్నాయి కాబట్టి జెండా బదులు పుచ్చకాయ పెడుతున్నారు. బూతును దాచే దారీ, బాధను దాచే దారీ ఒకటే అన్నమాట. ఒకదాన్ని మూసి రెండోదాన్ని తెరిచి ఉంచే వడపోత ఇంకా ఎవరికీ చేతకాలేదు.

నాలుగు పీచ్‌లు

లెక్క చేసి చూస్తే గానీ సందర్భం ఎంత పని చేస్తుందో తెలియదు.

హిమాచల్ నుంచి సరుకు దిగిందని పండ్ల దుకాణం వాళ్లు ఆపిల్, పీచ్, చెర్రీ బొమ్మలు వరసగా పెట్టి, కిలో ధర రాశారు. ఇక్కడ పక్కనున్న పండ్లే కాపలా. ధర కనిపించాక ధ్వనికి చోటు లేదు.

వ్యాయామశాలకు వెళ్లే అమ్మాయి 'ఈరోజు స్క్వాట్స్' అని రాసి తన ఫొటోకు తానే పీచ్ పెట్టుకుంది. అర్థం పిరుదులే, అయినా ఇది శృంగారం కాదు. పడ్డ కష్టానికి లెక్క చెప్పుకోవడం. 'నా కండ చూడు' అని మగపిల్లవాడు పెట్టే చేతి బొమ్మ లాంటిది.

2019 చివర్లో అమెరికా ప్రతినిధుల సభ ట్రంప్‌ను అభిశంసించినప్పుడు జనం పీచ్‌ల వర్షం కురిపించారు. అభిశంసనకు ఇంగ్లీషు మాట 'ఇంపీచ్'. అందులో 'పీచ్' వినిపిస్తుంది. శ్లేష అంతే. ఏడాది తిరిగేసరికి జార్జియా ఎన్నికల ఫలితాలు దేశం మొత్తం చూస్తుంటే అదే పీచ్ ఒక రాష్ట్రమైంది.

నాలుగోది, ముక్కూమొహం తెలియని మనిషి ఒకమ్మాయి పెళ్లి ఫొటో కింద పీచ్ ఒక్కటి పెట్టాడు. మాట లేదు, పలకరింపు లేదు. రెండో ఉదాహరణలో ఆ అమ్మాయి తనకు తాను పెట్టుకున్న బొమ్మ ఇక్కడ ఇంకొకడు ఆమెకు అంటించాడు. బొమ్మ అదే, అర్థం కూడా దాదాపు అదే. చేసిన పని వేరు.

'నేను పండు గురించే అన్నాను'

ఆ నాలుగోవాణ్ని నిలదీస్తే వచ్చే జవాబు ఇదే. మాట అంటే పట్టుబడతాం, బొమ్మ పెడితే తప్పించుకోవచ్చు. ఈ వెసులుబాటుకు ఇంకో ముఖమూ ఉంది. ఇష్టపడ్డ ఇద్దరి మధ్య మొదటి అడుగు ఎవరు వేయాలన్న సంకోచంలో, అవతలివాళ్లు కాదంటే ఇద్దరి పరువూ నిలబెట్టేది ఈ మెత్తదనమే. కాబట్టి దాపరికం ఉన్నంత మాత్రాన చెడ్డదనీ అనలేం, సరదా కదా అని వదిలేయనూలేం.

చట్టం దీన్ని ఎలా చూస్తుంది? పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులకు సంబంధించిన 2013 చట్టం, ఇష్టం లేని లైంగిక ప్రవర్తన మాటల్లోనే కాదు, మాటలు కాని రూపంలో ఉన్నా వేధింపే అంటుంది. ఎమోజీ పేరు అందులో లేదు, అవసరమూ లేదు. అలాగని ప్రతి బొమ్మా నేరం కాదు. వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టు కింద నవ్వుతూ కన్నీళ్లు కార్చే మొహాల్ని పెట్టారని సహోద్యోగుల మీద పెట్టిన కేసును మద్రాసు హైకోర్టు 2018లో కొట్టేసింది. తన భావం తెలపడానికి పెట్టిన బొమ్మను నేరం కింద లెక్కించలేమంది. కెనడాలో ఇంకో కొస చూశాం. అవిసెల కొనుగోలు ఒప్పందం ఫొటోకు రైతు బొటనవేలి బొమ్మ పంపితే, అది సంతకంతో సమానమని 2023లో సస్కాచెవాన్ కోర్టు తేల్చింది. సరుకు ఇవ్వనందుకు ఆయన కట్టాల్సి వచ్చింది 82,000 కెనడా డాలర్లకు పైనే. ఇంతకుముందు వాళ్లిద్దరి మధ్య లావాదేవీలు ఎలా నడిచాయన్నది అక్కడ లెక్కలోకి వచ్చింది. న్యాయమూర్తులు కూడా చివరికి పశువుల కాపరి ఎవరు, వ్యాపారి ఎవరు అనే అడుగుతున్నారు.

అందుకే 'మీ పిల్లలు వాడే ఎమోజీల అసలు అర్థాలు' అంటూ తిరిగే పట్టికల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. బొమ్మకు ఎదురుగా ఒక్కో అర్థం రాసి పెట్టే ఆ పట్టిక అభిధ దగ్గరే ఆగిపోతుంది, కాకపోతే బూతు అభిధ. దాన్ని చదివిన తండ్రికి పండ్ల దుకాణం ప్రకటన కూడా అనుమానంగా కనిపిస్తుంది. పైగా పట్టిక పెద్దవాళ్ల చేతికి వచ్చేసరికి పిల్లలు 'దొడ్డి' వదిలేసి 'వాష్‌రూమ్'కు వెళ్లిపోయి ఉంటారు. నవ్వుతూ కన్నీళ్లు కార్చే మొహాన్నే తీసుకోండి. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల వాళ్లు దాన్ని ఆ ఏటి మేటి పదంగా ప్రకటించారు. ఈనాటి కుర్రకారు దాన్ని పెద్దవాళ్ల సరుకు అని పక్కన పెట్టి, నవ్వొస్తే పుర్రె బొమ్మ పెడుతున్నారు. నవ్వి నవ్వి చచ్చామని.

'సాని' సంగతికి మళ్లీ వస్తానన్నాను. బయట ఎంత దిగజారినా 'దొరసాని' ఇంట్లో ఆ మాట పరువు పోలేదు. అర్థం ప్రపంచమంతటా ఒకేసారి మారదు, ఏ గూటిలో ఆ గూటికి వేరుగా నిలుస్తుంది. నెల్లూరు పెద్దక్కకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమెకు ఆ బొమ్మ నచ్చింది. మేనకోడలి మార్కులకు పీచ్, తమ్ముడి కూతురి నాట్యానికి పీచ్, షిరిడీ ప్రయాణం ఫొటోలకు పీచ్. మొదట నెలరోజులు పిల్లలంతా విడిగా ఇంకో గ్రూపు పెట్టుకుని నవ్వుకున్నారు. తరవాత వాళ్లకూ అలవాటైంది. మొన్న ఆమె కొడుకు ఇంటర్ ఫలితాలు గ్రూపులో పెడితే అందరి అభినందనలూ వచ్చాయి. వాడు మాత్రం ఇంకా గ్రూపు తెరిచి చూస్తూనే ఉన్నాడు, అమ్మ పీచ్ ఇంకా రాలేదని.